ఆటకు నేల, పోటీకి ఊరు
(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సంవత్సరమునకు పరాభవ అని పేరు. పంచాంగ శ్రవణములో ఆ పేరు విని కొందరు ముఖము చిట్లించుకున్నారు. ఆటలాడేవారికి మాత్రము పరాభవము పాత చుట్టమే. ఓడడం తెలియనివాడు ఆటలో ఎక్కువ కాలం నిలవడు. కాబట్టి ఈ ఏడు ఆటలను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గమువారు అడిగినప్పుడు సంతోషముగా ఒప్పుకున్నాము. మేము మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తా పని చేసేవారమే గాని క్రీడాపండితులము కాము. అయితే ఏ బండి ఏ స్టేషనులో ఎందుకు నిలవవలెను, అక్కడ ఎక్కేవారెందరు, దిగేవారెందరు అని లెక్క చూడడం మాకు అలవాటు. పోటీకి ఊరు ఎంచడం కూడా అటువంటి లెక్కే.

బెంగళూరులో చదువుకుంటున్న మన పిల్లలు కొందరు డిస్కు గోల్ఫు అనే ఆట నేర్చి వచ్చారు. "మన కెజిఎఫ్‌లో దీనికి మైదానము వేసి, డబ్బు బహుమతుల పెద్ద పోటీని ఇక్కడికి తెప్పించలేమా?" అని వారి ప్రశ్న. ప్రశ్న మంచిది. జవాబు తొందరపడి చెప్పేది కాదు.

ముందు ఆట సంగతి. గోల్ఫులో కర్రతో బంతిని కొట్టి గుంటలో వేస్తారు. ఇందులో చిన్న పళ్ళెము వంటి డిస్కును చేతితో విసిరి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో వేస్తారు. తక్కువ విసుర్లతో 18 బుట్టలు ముగించినవారు గెలిచినట్టు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున ఓక్ గ్రోవ్ అనే తోటలో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో దీనికి మొదటి శాశ్వత మైదానము వేశారు. మరుసటి ఏడు, 1976లో, వృత్తి ఆటగాండ్ర సంఘము పుట్టింది. అప్పటినుండి పోటీలకు మెట్లు ఏర్పడినవి. అడుగున సి తరగతి, దానిపైన బి, ఎ, అన్నిటికీ పైన మేజర్ పోటీలు.

మన పిల్లలకు మొదట చెప్పవలసినది ఎంపోరియా కథ. అది అమెరికాలో కాన్సస్ రాష్ట్రములో ఒక చిన్న పట్టణము. జనసంఖ్య పాతికవేలకు లోపే. సముద్రము లేదు, కొండల అందము లేదు. అయినా ప్రపంచ వృత్తి పోటీలు 2016లో ఒకసారి, 2022లో మరొకసారి ఆ ఊరికి వచ్చినవి. కారణమేమి? ఏటా వసంతములో అక్కడ ఒక పోటీ జరుపుకునే అలవాటున్నది. ఆ రోజులలో ఊరి ప్రధాన వీధి అంతా తిరునాళ్ళవలె ఉంటుంది. డిస్కులు అమ్మే కంపెనీ ఒకటి ఆ ఊరిలోనే పుట్టి పెరిగింది. ఉన్న గోల్ఫు క్లబ్బు మైదానములో కూడా బుట్టలు నిలిపి ఆడించారు. అంటే పెద్ద పోటీ వచ్చి ఆటను తేలేదు. ఆట ముందుగా ఉన్నందువల్ల పోటీ వచ్చింది.

ఈ సంగతి మనకు కొత్త కాదు. 1902లో కావేరి మీది శివనసముద్రము నుండి 90 మైళ్ళకు పైగా తీగలు లాగి కరెంటును ఈ గనులకు తెచ్చారు. కోలారు పెద్ద పట్టణమనా తెచ్చినది? కాదు, ఇక్కడ పని ఉన్నదని. చిత్తూరు వైపు నుండి మన పెద్దలు మూటాముల్లె కట్టుకుని వచ్చినదీ అందుకే.

ఇక నేల సంగతి. మన ఊరిలో ఖాళీ నేల అంటే ఎవరికైనా ముందు కంటపడేవి సైనైడు దిబ్బలు. ఎత్తుపల్లాలున్నవి, చెట్టూచేమా అడ్డము లేదు, సినిమావారికి కూడా నచ్చినవి. ఆటకు మాత్రము అవి పనికిరావని మా గట్టి అభిప్రాయము. రాయిని పిండి చేసి సైనైడుతో బంగారము తీయగా మిగిలినది ఆ మట్టి. 13 దిబ్బలలో 3 కోట్ల టన్నులకు మించి ఉన్నదని లెక్క. వేసవి గాలికి ఆ ధూళి ఇళ్ళలోకి వచ్చి పడే సంగతి ఇక్కడి తల్లులకు ఒకరు చెప్పనక్కరలేదు. డిస్కు నేలమీద పడుతుంది, పిల్లవాడు దానిని చేతితో తీస్తాడు, అదే చేతితో మిఠాయి తింటాడు. పైగా ఆ దిబ్బలున్న 1,003 ఎకరాలలో మిగిలిన బంగారము తీయించే కేంద్రప్రభుత్వ ప్రతిపాదనకు 2024 జూనులో రాష్ట్ర మంత్రివర్గము సమ్మతించింది. తవ్వబోయే దిబ్బపై బుట్టలు పాతడమెందుకు?

పాత గని బావుల పరిసరాలనూ విడిచిపెట్టవలెను. మూడు కిలోమీటర్లకు పైగా లోతు తవ్విన ఊరు మనది. పైకి చదునుగా కనబడే ప్రతి చోటునూ నమ్మరాదు. అంతరగంగ కొండ అందమైనదే గాని, భక్తులు ఎక్కే మెట్లకు అడ్డముగా డిస్కులు ఎగరడం మర్యాద కాదు. మంచి మైదానమునకు మొదటి లక్షణము ఇదే: ఆడేవారి త్రోవ వేరు, నడిచేవారి త్రోవ వేరుగా ఉండవలెను.

మరి ఎక్కడ? దొరలు వేసిన గోల్ఫు మైదానము మనకున్నది. చెట్లున్న కాలనీ నేలలున్నవి. గోల్ఫు మైదానమునకు నూరు ఎకరాలు దాటి కావలెను. డిస్కుల ఆటకు బుట్టకొక ఎకరము చొప్పున చూసుకుంటే మామూలు మైదానమునకు సరిపోతుంది. పచ్చికకు నిత్యమూ నీరు పెట్టనక్కరలేదు. జీవనది లేని జిల్లా మనది. 2018 నుండి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి తెచ్చి మన చెరువులు నింపుకుంటున్నాము. ఇటువంటి చోట నీరు అడగని ఆటను ఎంచుకోవడం తెలివైన పని. చెట్టు కూడా ఇందులో ఆటగాడే. కొట్టివేయరాదు, చుట్టూ త్రిప్పి విసరడం నేర్వవలెను.

నేల ఎవరిదన్నది అన్నిటికన్న చిక్కు ప్రశ్న. కొంత గనుల కంపెనీది, కొంత మరొక ప్రభుత్వ సంస్థది, కొంత పురపాలక సంఘముది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినప్పుడు మనము ఒక పాఠము నేర్చుకున్నాము. ఆసుపత్రి, కరెంటు, ఆటస్థలము అన్నీ ఒకే యజమాని చేతిలో ఉంటే, ఆయన తలుపు వేసిననాడు అన్నీ ఒక్కసారే చీకటిపడతవి. కాబట్టి నోటిమాట చాలదు. ఎన్నేళ్ళకు, ఏ షరతులపై అని వ్రాతమూలముగా అనుమతి తీసుకున్న తరువాతనే మొదటి బుట్ట పాతవలెను.

ఆతిథ్యము మాట. 2025లో ప్రపంచ వృత్తి పోటీలు ఐరోపా ఖండమునకు మొదటిసారిగా వెళ్ళి ఫిన్లండులో జరిగినవి. పేరుపడిన మైదానము నోకియా అనే చిన్న పట్టణములో ఉన్నది. దాని పక్కనే తంపేరే అనే పెద్ద నగరమున్నది. రెండూ కలిసి భారము మోసినవి. మనమూ అట్లే చేయవచ్చును. ఆట ఇక్కడ, బస కొంత కోలారులో, కొంత బంగారపేటలో. బంగారపేట నుండి కోరమాండల్, ఊరిగాం, చాంపియన్, మారికుప్పం వరకు రైలుదారి 1894 నుండి ఉన్నది. బండి దిగి నడిచిపోగల మైదానమును ఎంచుకుంటే సగము ఖర్చు తగ్గినట్టే. ఆషాఢపు గాలి, ఆశ్వయుజ కార్తికముల వాన తప్పించి, పుష్య మాఘములలో తేదీ పెట్టుకోవలెను. గాలికి డిస్కు తన ఇష్టమువచ్చినట్టు పోతుంది.

ఇంత చెప్పి, అసలు మాటకు వస్తాము. మనవారిలో ఎందరో తెల్లవారకముందే బండి ఎక్కి బెంగళూరు పోయి, దీపాలు పెట్టిన తరువాత ఇల్లు చేరుతున్నారు. వారి బిడ్డలకు సాయంకాలము ఒక ఆట, దానిని చూచే ఒక పెద్దదిక్కు కావలెను. పెద్ద పోటీ రేపు రావచ్చును, రాకపోవచ్చును. కాని పోటీకి తగిన నేలను వెదికే మిషతో పిల్లలకు భద్రమైన మైదానము ఒకటి దొరికితే, అది మనదే. ఆడపిల్లలు కూడా చేరవలెను; ఇందులో వారికీ పోటీలున్నవి. తమిళ, కన్నడ, ఉర్దూ మాట్లాడే ఇరుగుపొరుగువారు లేనిదే ఈ ఊరిలో ఏ పనీ సాగలేదు. ఇదీ సాగదు.

కనుక మా మనవి మూడు మాటలు. మొదటిది, ఎంచిన నేల మట్టిని పరీక్ష చేయించి, ఫలితము అందరికీ చదివి వినిపించవలెను. రెండవది, వ్రాతపూర్వకముగా అనుమతి తీసుకుని, తీసి దాచుకోగల తొమ్మిది బుట్టలతో ఒక ఏడాది ఆడి చూడవలెను. మూడవది, ఆ ఏడాది ఎందరు వచ్చారు, ఎవరికి దెబ్బ తగిలింది, ఎంత ఖర్చయింది అని ఒక పుస్తకములో వ్రాయవలెను. ఆ పుస్తకము వ్రాసే పని మాకు వదలండి. గుమాస్తాలకు అది చేతనైన పని. వచ్చే ఉగాదికి ఆ లెక్క చూచి సి తరగతి పోటీకి అర్జీ పెట్టవలెనో వద్దో ఈ సభలోనే నిర్ణయింతము.