ఆ రంగులు అసలువేనా?

(నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో ఉన్నన్నాళ్లూ నకలును అసలుతో సరిచూసి ఆఫీసరుగారి సంతకానికి పెట్టడం నా పని. ఆ అలవాటు ఇంకా పోలేదు. జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీయగా 2022లో విడుదలైన కరీనా నెబ్యులా ఫోటోను మా మనవరాలు ఫోనులో చూపించింది. ఎర్రమట్టి కొండల్లాంటి ధూళి మేఘాలు, పైన నీలం. "ఈ రంగులు అసలువేనా?" అన్నాను. సరిచూద్దామంటే అసలు ఉన్నది సుమారు 7,600 కాంతి సంవత్సరాల దూరంలో!

"కాదు తాతయ్యా" అంది. ఆ టెలిస్కోపు పట్టేది ముఖ్యంగా పరారుణ కాంతిని. అది మన కంటికి ఆనదు. ఒక్కో ఫిల్టరుతో తీసిన నలుపు తెలుపు చిత్రాలకు తర్వాత రంగులిస్తారు. పొడవు తరంగాలకు ఎరుపు, పొట్టివాటికి నీలం. నక్షత్రాల చుట్టూ ఉన్న ముళ్లు కూడా నక్షత్రాలవి కావట. అద్దాల ఆకారం వల్ల, ముందున్న కమ్మీల వల్ల వచ్చినవట.

నాకు మా ఫోటో గుర్తొచ్చింది. 1974లో, పెళ్లయిన కొత్తలో తీయించుకున్నాం. స్టూడియో వారు కుంచెతో రంగులద్ది ఆవిడ చీరను ఎర్రగా చేశారు. అసలది ఆకుపచ్చ. ఉన్నన్నాళ్లూ ఆవిడ నవ్వుతూ చెప్పేది. పోయి నాలుగేళ్లయింది. ఇంట్లో పిల్లలకిప్పుడు నాయనమ్మది ఎర్రచీరే.

ఈ మాటంటే మనవరాలు, "వీళ్లు ఊహించి వెయ్యరు తాతయ్యా, ఏ ఫిల్టరుకు ఏ రంగిచ్చారో ఫోటోతోపాటు రాస్తారు" అంది. ఫైల్లో నోటు పెట్టినట్టన్నమాట! ఆ పద్ధతి నాకు నచ్చింది.

మర్నాడు పటం దింపి, వెనక అట్టమీద రాశాను: "చీర రంగు ఆకుపచ్చ. ఎరుపు స్టూడియో వారు వేసినది." తేదీ వేసి సంతకం పెట్టాను.