జేబులో ఒక మంచి చాకు

డొంకూరు తీరంలో వేటకు వెళ్లేవారికైనా, ఉద్దానం తోటల్లో పనిచేసేవారికైనా జేబులో మడత చాకు ఉండాల్సిందే. చిక్కుపడిన నైలాన్ తాడు తెంచాలన్నా, బస్తా కుట్టు విప్పాలన్నా అదే దిక్కు.

తక్కువ ధరలో కొనేటప్పుడు ముందు ఉక్కు సంగతి చూడాలి. కార్బన్ ఉక్కు సానకు తేలిగ్గా లొంగుతుంది కానీ, ఉప్పుగాలికి ఇట్టే తుప్పు పడుతుంది. సముద్రం పక్కనుండేవాళ్లు స్టెయిన్‌లెస్ చాకే తీసుకోండి. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనబడని పొరగా ఏర్పడి ఉక్కును కాపాడుతుంది. అలాగని ఉప్పునీళ్లలో వదిలేస్తే దానికీ మచ్చలు తప్పవు. ఒడ్డుకు రాగానే మంచినీళ్లతో కడిగి, పొడిగా తుడిచి, మడత దగ్గర ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి.

దుకాణంలోనే తెరిచి, బ్లేడును పక్కలకు కదిపి చూడండి. ఊగితే వద్దు. తెరిచాక లాక్ గట్టిగా పడాలి. తడిచేతుల్లో లాక్ లేని చాకు వేళ్లమీదికే మూసుకుంటుంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇక్కడ వెనకాడొద్దు.

రంపపు పళ్ల అంచు తాళ్లను బాగా కోస్తుంది, మామూలు సానరాయికి మాత్రం లొంగదు. అందుకే నా ఓటు సాదా అంచుకే. మూడంగుళాల బ్లేడు, జారని గరుకు పిడి చాలు.

ఒక్క మనవి. ఈ చాకుతో కొబ్బరికాయ కొట్టకండి, పిల్లల చేతికి అందనీయకండి.