సాంచాను సాకుట

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి తిన్నాము. పంతులుగారు పంచాంగము చదివి ఏ రాశివారికి ఆదాయమెంతో, వ్యయమెంతో చెప్పినారు. ఇప్పుడు నూనె గురించి, బోల్టుల గురించి, పిక్కర్ల గురించి మాట్లాడుమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టినారు. పండుగపూట ఇదేమి ముచ్చట అని కొందరికి తోచవచ్చును. కాని మన పద్మనగర్‌లో చాలా ఇండ్ల ఆదాయవ్యయాలు రాశిని బట్టి కాక సాంచా నడకను బట్టి ఉంటాయి. కనుక ఇది కూడా పంచాంగ శ్రవణంలో ఒక భాగమే అనుకొని కాసేపు ఓపిక పట్టవలెనని నా మనవి.

కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి మన పెద్దలు బతుకుదెరువుకు బొంబాయికి, షోలాపురానికి, ఈ భివండికి వచ్చినారు. ఊళ్లో వారికి గుంటమగ్గం ఉండేది. నేసేవాడే దానికి వైద్యుడు. నాడె అరిగితే తానే నునుపు చేసుకొనేవాడు, పన్నె వంకరైతే తానే సవరించుకొనేవాడు. ఇంట్లో ఆడవారు ఆసు పోసేవారు, కండెలు చుట్టేవారు. పడుగు మొదలు పేక వరకు అంతా ఒక ఇంటి కంటి కిందనే నడిచేది.

కారఖానాలో ఆ పని ముక్కలైనది. సాంచా ఆసామిది. నడిపే మనిషి ఒకడు. కండెలు నింపేవారు ఒకరు. బీము ఎక్కించి పోగులు అతికేవారు మరొకరు. చెడిపోతే జాబర్ రావలెను. ఎవరి పని వారు చక్కగా చేస్తున్నారు. అయితే సాంచాను మొత్తంగా చూచే కన్ను మాత్రము ఎవరిదీ కాకుండా పోయినది. ఆసామి తాకాలు లెక్కపెడతాడు, నడిపేవాడు తెగిన పోగు చూస్తాడు, జాబర్ విరిగిన భాగము చూస్తాడు. విరగబోయే భాగమును చూచేవాడెవడు? నేను మాట్లాడదలచినది దీనిని గురించే.

ముందుగా ఒక చిన్న లెక్క చెప్పుతాను. నిమిషానికి 150 పిక్కులు నడిచే సాదా సాంచా మీద అంగుళానికి 48 పిక్కుల గుడ్డ నేస్తున్నామని అనుకొందాము. నిమిషానికి మూడంగుళాల పైచిలుకు, గంటకు 187 అంగుళాల పైచిలుకు, అనగా సుమారు 4 మీటర్ల 75 సెంటీమీటర్ల గుడ్డ దిగుతుంది. ఒక పిక్కరు తెగినది. జాబర్ మరొక కారఖానాలో ఉన్నాడు, రావడానికి రెండు గంటలు. దుకాణానికి పోయి పిక్కరు తెచ్చి బిగించడానికి ఇంకొక గంట. ఈ మూడు గంటలలో 14 మీటర్ల గుడ్డ పోయినది. పిక్కరు ధర ఎంత, పోయిన గుడ్డ ధర ఎంత అని ఆసామి లెక్క వేసుకోవలెను.

ఇందులో ఇంకొక లెక్క ఉన్నది. నడిపే మనిషికి కూలి మీటరు లెక్కన వస్తుంది. నాలుగు సాంచాలు చూచే మనిషికి ఒకటి ఆగితే ఆ మూడు గంటలు పావు కూలి ఆగినట్లే. ఆసామికి వచ్చిన నష్టము నెల చివర పద్దులో కనబడుతుంది. కార్మికుని నష్టము ఆ వారమే ఇంటి బియ్యములో కనబడుతుంది. అతడు పని మానలేదు, నిద్రపోలేదు, సాంచా పక్కనే నిలబడి ఉన్నాడు. అయినా అతని కూలి పోయినది. కావున సాంచాను బాగుగా ఉంచుట యంత్రానికి చేసే ఉపకారము మాత్రమే కాదు. దాని ముందు నిలబడిన మనిషికి మనము బాకీపడిన పని అది.

ఇక సాంచా సంగతికి వస్తాను. మన సాదా సాంచా 1842 నాటి లాంకషైర్ మగ్గం వంశములోనిది. ఆ మగ్గమును తయారుచేసిన ఇద్దరిలో ఒకడైన జేమ్స్ బుల్లో చిన్నతనంలో మనవలెనే చేనేత పనివాడు. పేక పోగు తెగినప్పుడు మగ్గం తానంతట తానే ఆగవలెనన్నది వారు సాధించిన ముఖ్యమైన సంగతులలో ఒకటి. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి మిల్లుల సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు పాల్గొన్నారు. ఆ తరువాత మిల్లుల నేత చాలావరకు భివండివంటి ఊళ్లకు తరలినది. మూతపడిన మిల్లుల సాంచాలు కూడా పాత ఇనుము ధరకు ఇక్కడికి చేరినాయి. అనగా మనలో చాలామంది కొన్నది ఇంకొకరు వాడి విడిచిన యంత్రము.

పాత సాంచా కొనుట తప్పు కాదు, చూడకుండా కొనుట తప్పు. రంగు చూచి మోసపోకూడదు. పక్క చట్రములలో పగులు గాని, వెల్డింగు అతుకు గాని ఉన్నదేమో చూడవలెను. క్రాంకు షాఫ్టును చేతితో మెల్లగా తిప్పి, వంపు ఉన్నదేమో, బుష్షులలో వదులు ఉన్నదేమో తెలుసుకోవలెను. పండ్ల చక్రముల పండ్లు కత్తి అంచులవలె సన్నబడి ఉంటే వాటి ఆయుష్షు తీరినట్లే. ఒక కంపెనీ సాంచాకు ఇంకొక కంపెనీ భాగములు కొట్టి, సాగదీసి అతికించి ఉన్నారేమో కనిపెట్టవలెను. అటువంటి సాంచాకు రేపు ఏ దుకాణములోను సరియైన భాగము దొరకదు.

నాడె సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. ఇక్కడ దానినే ధోటా అంటాము. 150 పిక్కుల నడకలో ఒక పిక్కుకు సెకనులో పదింట నాలుగు వంతులే సమయము. అందులో సుమారు మూడవ వంతులోనే నాడె ఈ పెట్టెనుండి ఆ పెట్టెకు పోవలెను. అనగా సెకనుకు దాదాపు 10 మీటర్ల వేగము. ఇనుప మొనలున్న కర్రముక్క ఆ వేగముతో ఎగిరి బయటికి వస్తే, ఎదుట నిలబడిన వాని కన్నుకు గాని కణతకు గాని తగిలితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. నాడె ఊరకే ఎగరదు. పిక్కరు గుంట పెద్దదై ఉంటుంది, లేదా తెగిన పడుగు పోగు చిక్కుపడి దారి మూసి ఉంటుంది, లేదా పన్నెకు, పెట్టె వెనుక గోడకు వరుస తప్పి ఉంటుంది, లేదా నాడె వీపు అరిగి ఉంటుంది. ఈ నాలుగింటిని కంటితోను, ఒక కొలబద్దతోను కనిపెట్టవచ్చును. నాడె ఎగరకుండా అడ్డుగా ఉండే కమ్మీ చేతికి అడ్డము వస్తున్నదని విప్పి మూలపెట్టరాదు. మోటారు బెల్టుకు, చక్రములకు మూతలు ఉండవలెను. తిరిగే యంత్రభాగములకు రక్షణ కట్టవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టములోనే విధించినారు. కండెల మిషన్ల వద్ద మన ఆడవారు పనిచేస్తారు. పైటకొంగు, జడ బెల్టు దగ్గరకు పోకుండా ఆ మూత ఒక్కటే కాపాడుతుంది.

పేక తెగినప్పుడు సాంచాను ఆపే ముల్లు ఉన్నది. నాడె పెట్టెలోకి చేరనప్పుడు ఠపీమని సాంచాను ఆపే ఏర్పాటు ఉన్నది. ఇవి మాటిమాటికి ఆపుతున్నవని విసిగి వాటిని తీగతో కట్టివేస్తే సాంచా ఆగదు. నిజమే, కాని గుడ్డలో పేక లేని సందులు పడతాయి, లేదా నాడె పడుగు మధ్యలో చిక్కి వందల పోగులు ఒక్కసారి తెగుతాయి. జపానులో సకిచి టొయోడా అనే ఒక వడ్రంగి కుమారుడు మగ్గాల మీదనే జీవితమంతా పనిచేసినాడు. పోగు తెగితే ఆగే, కండె అయిపోతే నడుస్తూనే నాడె మార్చుకొనే మగ్గమును 1924లో సిద్ధపరచినాడు. 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ కంపెనీ దాని హక్కులు కొన్నది. ఆ కుటుంబమే తరువాత టొయోటా కార్లు చేసినది. తప్పు జరిగిన క్షణమే యంత్రము ఆగవలెనన్న నియమమును ఆ కార్ల కర్మాగారములు కూడా పాటించినాయి. సాంచా ఆగినప్పుడు అది మనతో ఏదో చెప్పుతున్నదని తెలుసుకొని దానిని వినవలెను.

ఇక చేయవలసిన పనులు. ప్రతి పాళీ మొదట దూది పీచు దులిపి, నూనె రంధ్రములు తెరిచి ఉన్నవో లేవో చూచి, క్రాంకు షాఫ్టు, బాటమ్ షాఫ్టు బేరింగులకు కొద్దికొద్దిగా నూనె వేయవలెను. పీచు పేరుకొన్న చోట నూనె వేస్తే అది లోపలికి పోదు, పీచే తాగుతుంది, నిప్పురవ్వ పడితే అదే అంటుకొంటుంది. నూనె ఎక్కువైతే తాకా మీద మచ్చ పడి వ్యాపారి ధర తగ్గిస్తాడు. వంటనూనె వేయరాదు, అది కొద్దిరోజులకే జిగురై బిగుసుకుంటుంది. గుడ్డకు దగ్గరి భాగములకు పలుచని స్పిండిల్ నూనె, పండ్ల చక్రములకు గ్రీజు వాడవలెను.

వారపు సెలవునాడు బోల్టులన్నీ ఒకమారు బిగించి, బెల్టు బిగువు చూడవలెను. వదులైతే జారుతుంది, మరీ బిగిస్తే బేరింగులను తింటుంది. అన్నిటికంటె మంచి సమయము పాత బీము దిగి కొత్త బీము ఎక్కే పూట. అప్పుడు సాంచా ఖాళీగా ఉంటుంది. ఎలాగూ ఆగి ఉన్నది కనుక కూలి నష్టము వేరే ఉండదు. రసమట్టం పెట్టి సాంచా సమముగా ఉన్నదో లేదో, నాడె పరుగెత్తే పలక అరిగినదో లేదో, పెట్టెలు వరుసలో ఉన్నవో లేవో ఆ గంటలో చూచుకొంటే ఆ బీము అయ్యేవరకు నిశ్చింత.

మన వానాకాలము ఇనుమునకు శత్రువు. సాంచా కొన్నాళ్లు ఆగవలసి వస్తే నాడె దారికి, షాఫ్టులకు నూనె గుడ్డతో తుడిచి, బెల్టు వదులు చేసి, వారానికొకసారి చేతితో తిప్పవలెను. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌను పెట్టినప్పుడు సాంచాలు నెలల తరబడి ఆగినాయి, కూలీలు ఊళ్లకు పోయినారు. అటువంటి కాలములో ఒక డబ్బా నూనె, ఒక పూట పని ఎంత విలువైనవో తరువాత సాంచా తిప్పబోయినప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు అసలు మనవి. ఊళ్లో ట్రాక్టరు కొన్న మన బంధువులను చూడండి. అందులో గంటలు లెక్కపెట్టే మీటరు ఉంటుంది. ఇన్ని గంటలు నడవగానే ఇంజను నూనె మార్చవలెనని కంపెనీ పుస్తకములో రాసి ఉంటుంది. మన సాదా సాంచాకు మీటరూ లేదు, పుస్తకమూ లేదు. ఆ పుస్తకమును మనమే రాసుకోవలెను. ఒక్కొక్క సాంచాకు ఒక నంబరు, ఒక చిన్న నోటుబుక్కు. ఏ తేదీన ఏ భాగము మార్చినాము, ఎడమదా, కుడిదా, ఎంత ఖర్చయినది, ఎన్ని గంటలు ఆగినది, అంతే.

దీనితో ఏమి లాభము? ఒకే సాంచాకు రెండు నెలలలో ఎడమవైపు పిక్కరు ఐదుసార్లు తెగి, కుడివైపు ఒక్కసారి కూడా తెగలేదనుకొందాము. పుస్తకము లేకపోతే మనము ఐదుమార్లు పిక్కరు కొని, ఐదుమార్లు దుకాణదారును తిడతాము. పుస్తకము ఉంటే జాబర్ చూచి, తప్పు పిక్కరులో లేదు, ఎడమవైపు దెబ్బ వేళ తప్పినది, లేదా ఆ పక్క పెట్టె వరుస తప్పినది అని పట్టుకొంటాడు. జాబర్ మారినా, ఊరికి పోయినా, అతని తెలివి పుస్తకములో మిగిలి ఉంటుంది. ఈ పుస్తకము నడిపే మనిషికి కూడా అందుబాటులో ఉండవలెను. సాంచా చప్పుడు మారినదని అందరికంటె ముందు తెలిసేది అతనికే. అతడు చెప్పిన మాటకు విలువ లేకపోతే మరునాటినుండి చెప్పడు.

కొత్త యంత్రములు వస్తే ఈ బాధ తీరదా అని యువకులు అడుగవచ్చును. వస్తే మంచిదే. 1999లో కేంద్ర ప్రభుత్వము సాంకేతిక అభివృద్ధి నిధి పథకము పెట్టి కొత్త యంత్రములకు సాయము చేసినది. 2017 ఏప్రిల్ 1న పవర్‌టెక్స్ ఇండియా పథకమును మన భివండిలోనే ప్రారంభించినారు. సాదా సాంచాలకు కొత్త పరికరములు అమర్చి బాగుచేయుట అందులో ఒక భాగముగా ఉండేది. నాడె లేని రేపియర్ మగ్గములు కూడా మన మధ్యకు వచ్చినాయి. అయితే బ్యాంకు వాయిదా నెలనెలా వస్తుంది, యంత్రము ఆగినా వస్తుంది. దాని ఎలక్ట్రానిక్ బోర్డు ఏమిటో తెలియక, దుమ్ములో పెట్టి నడిపేవాడు పాత సాంచాకంటె దానితోనే ఎక్కువ నష్టపోతాడు. యంత్రము ఎంత కొత్తదైతే దానిని ఎరిగినవాని అవసరము అంత ఎక్కువ. కనుక జాబర్ పనిని చిన్నచూపు చూడవద్దని, మన పిల్లలలో కొందరైనా ఐ.టి.ఐ.లో చేరి ఈ విద్యను శాస్త్రప్రకారము నేర్చుకోవలెనని కోరుతున్నాను.

దసరానాడు మనము సాంచాను తుడిచి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మొక్కుతాము. ఆ మొక్కు మంచిదే. మిగిలిన రోజులలో రోజుకు పది నిమిషములు దానిపై కన్ను వేస్తే ఆ మొక్కు నిండుగా చెల్లినట్లవుతుంది. ఈ వారములోనే ప్రతి కారఖానావారు రెండు మూడు సాంచాలకైనా పుస్తకములు తెరవవలెనని, వచ్చే ఉగాదికి వాటిని ఈ సభకు తెచ్చి ఒకరి అనుభవము ఒకరికి చెప్పుకోవలెనని ప్రతిపాదిస్తున్నాను. సంఘము సరే అంటే మొదటి నోటుబుక్కులు సంఘము తరఫుననే ఇవ్వవచ్చును.

ఈ కొత్త సంవత్సరములో మీ సాంచాలు సుఖముగా నడవాలని, నడిపే చేతులు క్షేమముగా ఉండాలని కోరుతున్నాను.