రోడ్స్ దీవిలో అయిదు రోజులు



గ్రీసు దేశపు దీవి అనగానే మన కళ్ళముందు కదిలేది ఒక క్యాలెండరు బొమ్మ. సున్నం కొట్టిన తెల్లటి ఇళ్ళు, నీలంరంగు గుమ్మటాలు, కింద సముద్రం. ఆ బొమ్మ శాంతోరిని అనే దీవిది. నేను ఈవేళ చెప్పబోయేది దాని సంగతి కాదు. అదే ఏజియన్ సముద్రంలో బాగా తూర్పున, టర్కీ ఒడ్డుకు ఇరవై కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న రోడ్స్ అనే దీవి సంగతి. పేరు విని రహదారులనుకునేరు! గ్రీకులు దాన్ని రోడోస్ అంటారు. పొడవు దాదాపు ఎనభై కిలోమీటర్లు. ఆ దేశపు దీవుల్లో విస్తీర్ణంలో నాలుగోది.

మా తమ్ముడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి పుణ్యమా అని మేం దంపతులం బడి సెలవుల్లో, మే నెలలో, అయిదు రోజులు అక్కడ గడిపాం. చూడదగినవి చాలా ఉన్నాయి. అన్నీ చెబితే పట్టిక అవుతుంది గనక, ఇంట్లో తెలుగు, బడిలో ఇంకొక భాషగా పెరిగిన మనలాంటి సరిహద్దు మనుషులకు అక్కడ ఏవి ప్రత్యేకంగా కనిపిస్తాయో వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ప్రయాణం ఏథెన్స్ మీదుగా. అక్కడినుంచి విమానంలో గంట. ఓపిక ఉన్నవాళ్ళు పిరయస్ రేవులో సాయంత్రం ఓడ ఎక్కితే మర్నాడు దిగవచ్చు. వీసా షెంగెన్ వీసా. దానితోపాటు ముప్ఫైవేల యూరోలకు తగ్గకుండా వైద్యబీమా చూపించాలి. మే, జూన్, లేదా సెప్టెంబరు, అక్టోబరు మంచి నెలలు. జూలై, ఆగస్టుల్లో ఎండా ఎక్కువే, జనమూ ఎక్కువే. 2023 జూలైలో అక్కడి అడవులు అంటుకుని, దాదాపు పందొమ్మిదివేల మందిని హోటళ్ళనుంచీ ఊళ్ళనుంచీ ఖాళీ చేయించవలసి వచ్చింది. మన బడుల సెలవులు మే నెలలో రావడం ఈ ఒక్క విషయంలో కలిసొచ్చిందనుకోండి.

రోడ్స్ పట్టణంలో చాలామంది మొదట వెతికేది ఆ కంచు విగ్రహాన్ని. ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటని పాఠం చెప్పేవాళ్ళం కదా, అదే. సూర్యదేవుడి విగ్రహం, ఎత్తు సుమారు ముప్ఫైమూడు మీటర్లు. క్రీస్తుపూర్వం 280 ప్రాంతంలో నిలబెట్టారు, 226 ప్రాంతంలో భూకంపానికి మోకాళ్ళ దగ్గర విరిగి పడింది. రేవుకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడ్డట్టు బొమ్మలు గీస్తారే, అది తర్వాతివాళ్ళ ఊహ. ఇప్పుడు మాంద్రాకి రేవు ముఖద్వారంలో రెండు స్తంభాలూ, వాటిమీద ఒక మగజింక, ఒక ఆడజింక ఉన్నాయి. వింతకోసం వెళ్ళినవాళ్ళు జింకలను చూసి రావాలి.

అసలు చూడవలసింది పాతపట్టణం. చుట్టూ నాలుగు కిలోమీటర్ల కోటగోడ. దాని కందకంలో ఇప్పుడు నీళ్ళు లేవు, చెట్లనీడన డబ్బు పెట్టకుండా నడిచి రావచ్చు. ఈ కోటను ఈ రూపంలో కట్టినవాళ్ళు సెయింట్ జాన్ పేరిట ఏర్పడ్డ క్రైస్తవ యోధులు. జెరూసలేములో రోగులకు సేవచేసే సంఘంగా మొదలై, కత్తి పట్టి, 1309 నాటికి ఈ దీవిని చేజిక్కించుకున్నారు. వీళ్ళు ఐరోపాలోని నానాదేశాలవాళ్ళు. అందుకని సంఘాన్ని భాషలవారీగా జట్లు చేసుకున్నారు. ఒక్కో జట్టును ‘నాలుక’ అనే పిలిచేవారు. ఫ్రాన్సు నాలుక, ఇటలీ నాలుక, ఇంగ్లండు నాలుక, జర్మనీ నాలుక, ఇలా చివరికి ఎనిమిది. యోధుల వీధి అని రాళ్ళు పరిచిన ఏటవాలు వీధి ఒకటి ఉంది. దానిలో ఈ నాలుకల విడిదిళ్ళు ఇవాళ్టికీ వరసగా నిలబడి ఉన్నాయి. ఇంకా విశేషం, కోటగోడను కూడా ముక్కలుగా పంచుకుని, ఈ ముక్కకు ఈ నాలుక కాపలా అని నిర్ణయించుకున్నారు. భాషలవారీగా రాష్ట్రాలు విన్నాం గాని, భాషలవారీగా కోటగోడను నేను అక్కడే చూశాను.

ఈ నాలుకల్లో గ్రీకు నాలుక లేదు, గమనించండి. దీవి గ్రీకులది. వాళ్ళను గోడ లోపలే ఇంకో భాగంలో ఉంచారు.

1522లో టర్కీ సుల్తాను సులేమాన్ ఆరునెలలు ముట్టడించాడు. యోధులు లొంగి, 1523 జనవరి మొదటి తేదీన ఓడలెక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత దాదాపు నాలుగువందల ఏళ్ళు టర్కీ పాలన. వీధి ఎక్కి ఎడమకు తిరిగితే సులేమాన్ పేరు మీది మసీదు, గులాబిరంగు గోడలతో కనిపిస్తుంది. దాని ఎదురుగానే 1793 నాటి ముస్లిం గ్రంథాలయం. చిన్నదే, ముంగిట్లో గులకరాళ్ళతో ముగ్గువేసినట్టు పరిచారు. అక్కడ పది నిమిషాలు కూర్చుంటే బయట అంగళ్ళ సందడి వినపడదు.

అక్కడినుంచి తూర్పుకు నడిస్తే యూదుల పేట. 1492లో స్పెయిన్ రాజులు వెళ్ళగొట్టిన యూదులు ఇక్కడ స్థిరపడి, స్పానిషు మాటలతో కూడిన లదీనో అనే తమ భాషను నాలుగువందల ఏళ్ళకు పైగా ఇళ్ళలో నిలుపుకున్నారు. చుట్టూ గ్రీకు, పైన టర్కీ పాలన, ఇంట్లో లదీనో. వాళ్ళ ప్రార్థనామందిరం 1577లో కట్టింది. గ్రీసులో ఇప్పటికీ వాడుకలో ఉన్నవాటిలో అదే పాతది. 1944 జూలైలో జర్మన్ సైన్యం ఈ పేటను ఖాళీ చేయించి, పదహారువందల మందికి పైగా మనుషులను ఓడల్లో, ఆపైన రైళ్ళలో ఆష్విట్జ్‌కు పంపింది. బతికి బయటపడ్డవాళ్ళు సుమారు నూటయాభైమంది. ఆనాడు అక్కడ టర్కీ కాన్సలుగా ఉన్న సెలాహత్తిన్ ఉల్కుమెన్, వీళ్ళు మా పౌరులు అంటూ వాదించి నలభైమందికి పైగా విడిపించాడు. చౌకులో నల్లరాతి స్తంభం ఉంది. దానిమీద చాలా భాషల్లో రాశారు, వాటిలో లదీనో ఒకటి. ఆ భాష మాట్లాడే ఇళ్ళు ఆ వీధుల్లో ఇప్పుడు లేవు. చుట్టూ కుర్చీలు వేసి మంచుకాఫీ అమ్ముతున్నారు. స్తంభం దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. మీరు వెళితే ఆగండి.

ఇక బడుల సంగతి. ఉపాధ్యాయుణ్ణి గనక నాకిది పట్టుకుంది. 1912లో ఈ దీవి ఇటలీ చేతిలోకి పోయింది. 1937లో ఇటలీ గవర్నరు బడుల్లో ఇటాలియన్‌ను తప్పనిసరి చేసి, గ్రీకును ఐచ్ఛికంగా మార్చాడు. దీవిలో ఎక్కువమంది భాషే ఐచ్ఛికమైంది! గ్రీకు ఉపాధ్యాయులు చాటుమాటుగా పాఠాలు చెప్పారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1947 ఒడంబడికతో, దీవి గ్రీసులో కలిసింది. అప్పటికి అక్కడ కొన్నివేల మంది టర్కీ భాషవాళ్ళు మిగిలి ఉన్నారు. 1923లో గ్రీసు, టర్కీ దేశాలు మతాన్నిబట్టి పదిలక్షలకు పైగా జనాన్ని మార్చుకున్నప్పుడు, దీవి ఇటలీ కింద ఉండడంవల్ల వీళ్ళు కదలకుండా తప్పించుకున్నారు. 1972 తర్వాత వీళ్ళ పిల్లలకు బడిలో టర్కీ భాష ఆగిపోయింది. తమ భాష కోసం చాటుగా బడులు నడిపిన జనం, తమ చేతికి అధికారం వచ్చాక పక్కింటివాడి భాషకు చోటివ్వలేదు. దీనికి సమర్థన నాకు కనపడలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మా బళ్ళారి మైసూరు వైపు వెళ్ళింది. ఊరు కదలలేదు, గీత కదిలింది. ఆ గీతకు ఇవతల తెలుగు తరగతిలో ఎంతమంది పిల్లలున్నారని ఏటా జూన్‌లో లెక్క చూసుకునేవాళ్ళకు, రోడ్స్ బడుల కథ పరాయి కథగా తోచదు.

సరే, పాతపట్టణంలోనే రెండు రోజులు గడిచిపోతాయి. మూడో రోజు లిందోస్‌కు వెళ్ళండి. యాభై కిలోమీటర్లు, బస్సులుంటాయి. నూరు మీటర్లకు పైబడిన బండమీద అథీనా దేవి ఆలయం, కింద తెల్లటి ఊరు. మెట్ల మొదట్లో బండకు చెక్కిన ఓడ ఒకటి ఉంటుంది, రెండువేల రెండువందల ఏళ్ళనాటిది. జనం దాన్ని దాటుకుని పైకి పరిగెత్తుతారు. బళ్ళారి కోటగుట్ట ఎక్కిన మోకాళ్ళకు ఈ కొండ లెక్కలోది కాదు. ఎక్కలేనివాళ్ళకు గాడిదలున్నాయి. నూరు కిలోల బరువు దాటినవాళ్ళను ఎక్కించకూడదని 2018లో నిబంధన పెట్టారు. గాడిదకు ఆమాత్రం న్యాయం జరిగింది. పొద్దున్నే వెళ్ళడం మంచిది, పైన నీడ లేదు.

తిరుగుదారిలో త్సంబికా కొండ. శిఖరం మీద చిన్న మేరీమాత గుడి. పిల్లలు లేని ఆడవాళ్ళు సెప్టెంబరు 8న పండుగనాడు చెప్పులు లేకుండా మెట్లెక్కి మొక్కుకుంటారు. బిడ్డ పుడితే త్సంబికోస్ అనో త్సంబికా అనో పేరు పెడతారు. ఆ దీవిలో ఈ పేర్లవాళ్ళు చాలామంది. గ్రీసులో ఇంకెక్కడైనా ఈ పేరు వినపడితే, నీది రోడ్సా అని అడుగుతారట. మొక్కుబడికి పుట్టి తిరుపతయ్యలైనవాళ్ళు మన ఊళ్ళలో ఎందరు!

సముద్రస్నానాలకు తూర్పుతీరం. ఇసుక, నెమ్మదైన నీళ్ళు. పడమటి తీరం గాలి, గులకరాళ్ళు. పెతలూదెస్ అనే లోయలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వేలకొద్దీ రెక్కలపురుగులు చెట్లకు అంటుకుని ఉంటాయి. సీతాకోకచిలుకల లోయ అంటారు గాని అవి నిజానికి చిమ్మటలు. ఎగిరించడానికి చప్పట్లు కొట్టకండి. ఉన్న శక్తి ఎగరడానికే ఖర్చయితే గుడ్లు పెట్టేదాకా అవి బతకవు. మేం వెళ్ళింది మే గనక మాకు చెట్లే కనిపించాయి.

భోజనం సంగతి చెప్పకపోతే ఇంట్లో ఊరుకోరు. శాకాహారులు భయపడనక్కర్లేదు. పితరూదియా అని రోడ్స్ వంటకం ఒకటుంది. శనగలు రుబ్బి, ఉల్లిపాయ, పుదీనా కలిపి నూనెలో వేయిస్తారు. మా ఆవిడ ఒకటి కొరికి, ‘పచ్చిమిరపకాయ మరిచిపోయారు’ అంది. మెలెకూని అని నువ్వులూ తేనే కలిపిన మిఠాయి, పెళ్ళిళ్ళలో పంచుతారు. మాంసం, పాలు లేని వంట కావాలంటే ‘నిస్తీసిమో’ అని అడగండి, ఉపవాసపు వంట అని అర్థం. ఒక్క జాగ్రత్త, వాళ్ళ ఉపవాసానికి రొయ్యలూ ఆక్టోపస్సూ పనికొస్తాయి! ఇంకొకటి, గ్రీకులో ‘నే’ అంటే అవును. తల పైకెత్తి కనుబొమ్మలెగరేస్తే లేదు. మొదటి రోజంతా మేం ‘నే’ విన్నచోటల్లా లేచి పక్క అంగడికి వెళ్ళాం.

చివరి రోజు సాయంత్రం మాంద్రాకి రేవు దగ్గర గట్టుమీద కూర్చుంటే ఎదురుగా టర్కీ కొండలు కనిపిస్తాయి. మర్మరిస్ అనే అవతలి ఊరికి ఓడలో గంట ప్రయాణం. మనవాళ్ళు పోవాలంటే టర్కీ వీసా విడిగా కావాలి, చెల్లుబాటయ్యే షెంగెన్ వీసా ఉన్నవాళ్ళు ఇంటర్నెట్టులో తీసుకోవచ్చు. 2024 నుంచి అవతలివాళ్ళకు గ్రీసు ప్రభుత్వం ఏడు రోజుల వీసా ఇస్తోంది, రోడ్స్‌తోపాటు మరికొన్ని దీవులకు. మేం కూర్చున్న సాయంత్రం ఒక ఓడ వచ్చి ఆగింది. సంచులతో, పిల్లలతో కుటుంబాలు దిగాయి. ఒక ముసలాయన దిగీ దిగగానే గట్టుమీది కాఫీ అంగడివాడితో టర్కీలో ఏదో అన్నాడు. అంగడివాడు టర్కీలోనే జవాబు చెప్పి, మాకు గ్రీకులో చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు.