అప్పీలు నడుచుచుండగా అద్దె మాట

కృష్ణా డెల్టాలో వ్యవసాయ మెరిగిన ప్రతి కుటుంబమునకు ఒక న్యాయము తెలియును. పొలము ఎవరిదను తగవు కోర్టులో ఎన్ని యేండ్లు నడచినను, కాలువకు నీరు వదలిన పిమ్మట నారు పోయక మానరు, పైరు కోయక మానరు. ఆ పంట నెవరు అనుభవించిరో వారు తుదకు లెక్క చెప్పవలసినదే. భూమి విషయమున మనకింత తేటగా తోచు ఈ న్యాయము పట్టణములోని ఇంటి విషయమున అంత తేటగా తోచదు. దానినిగూర్చి నేడు శ్రోతలతో నాలుగు మాటలు ముచ్చటింపదలచినాము.

ఒక ఉదాహరణము కల్పించుకొందము. విజయవాడ గవర్నరుపేటలో ఒక దుకాణపు గది కలదు. ముప్పది యేండ్ల క్రిందట నెలకు 800 రూపాయలకు కుదిరిన అద్దె. యజమాని గుడివాడలో ఉపాధ్యాయుడుగా పనిచేసి విరమించినవాడు. ఆ గదిలో తానే పుస్తకముల అంగడి పెట్టుకొనదలచెను. అద్దెకున్నవాడు మందుల దుకాణదారు. అతని ఖాతాదారులందరును ఆ వీధివారే. గది వదలుట యనగా అతనికి జీవనము వదలుటయే. విచారణ జరిగి, ఖాళీ చేయవలసినదని ఉత్తర్వు వచ్చెను. దుకాణదారు అప్పీలు చేసి స్టే కోరెను. అప్పీలు తేలుటకు మూడేండ్లు పట్టవచ్చును, ఆరేండ్లు పట్టవచ్చును. ఇరుగుపొరుగు గదులు 12,000 రూపాయలకు పోవుచున్నవనుకొందము. ఈ నడిమి కాలమున అతడు చెల్లింపవలసిన దెంత?

800 రూపాయలే యన్నచో, ఓడినవానికి ఆలస్యమే లాభమగును. వాయిదా పడిన ప్రతి నెలయు అతనికి మిగులు. ముదుసలి ఉపాధ్యాయునకు తరుగు. 12,000 రూపాయలును వెంటనే కట్టుమన్నచో, ఆ దుకాణదారు అప్పీలు విచారణకు రాకముందే గది ఖాళీ చేయవలసివచ్చును. అప్పీలు హక్కు కాగితముపైననే మిగులును. తూకము ఈ రెంటి నడుమ నిలువవలెను.

1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులో 41వ ఆర్డరు, 5వ రూలు చెప్పునదేమనగా, అప్పీలు వేసినంత మాత్రమున క్రింది కోర్టు డిక్రీ ఆగిపోదు. స్టే కోర్టు తన విచక్షణతో ఇచ్చునది. ఇచ్చునపుడు షరతులు విధింపవచ్చును. అద్దె తగవులందును ఈ న్యాయమునే 2004 డిసెంబరు 10వ తేదీన సుప్రీంకోర్టు ఆత్మారాం ప్రాపర్టీసు వ్యాజ్యములో స్థిరపరచినది. ఢిల్లీ కన్నాటు సర్కసులోని కట్టడమది. నెల అద్దె 371 రూపాయల 90 పైసలు. స్టే కావలెనన్నచో నెలకు 15,000 రూపాయలు ధరావతు చేయవలెనని అద్దె ట్రిబ్యునలు షరతు విధించెను. హైకోర్టు ఆ షరతును కొట్టివేసెను. ప్రధాన న్యాయమూర్తి ఆర్. సి. లహోటీ తీర్పున ఆ షరతు మరల నిలిచినది. ఖాళీ చేయుమను డిక్రీ పుట్టిన నాటితో అద్దె సంబంధము తీరినదనియు, ఆ పిమ్మట అనుభవించు కాలమునకు, ఆ కట్టడము ఖాళీగా నున్నచో యజమానికి వచ్చియుండెడి అద్దె ప్రమాణముగా సొమ్ము చెల్లింపవలసియుండుననియు ఆ తీర్పు సారాంశము. వకీళ్లు దీనినే మీన్ ప్రాఫిట్సు అందురు. మనము పొలము పంటలెక్క యన్నదియు ఇదియే.

2009లో ముంబయిలోని సూపర్ మాక్స్ వ్యాజ్యములో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ సూత్రమును బలపరచెను. అక్కడ అద్దెకున్నది సాక్షాత్తు మహారాష్ట్ర ప్రభుత్వమే. అయితే ఆ తీర్పే ఒక హద్దును కూడ గీసినది: విధించు మొత్తము సబబుగా నుండవలెను గాని, ఊహాజనితముగా గాని శిక్షగా గాని ఉండరాదు.

మరి సబబైన మొత్తమును కనుగొనుట యెట్లు? అదే వీధిలో, అదే అంతస్తులో, అంతే వైశాల్యము గల గదుల అద్దెపత్రములు మొదటి సాక్ష్యము. రిజిస్టరైన పత్రములకు విలువ హెచ్చు. కట్టడము వయస్సు, మరమ్మతుల స్థితి, పురపాలక సంఘపు పన్ను మదింపు తరువాతివి. బెంజి సర్కిలు వద్ద కొత్త మేడకు పలుకు అద్దె వన్‌టౌనులోని పాత పెంకుటింటికి కొలత కానేరదు. 2014లో రాజధాని ప్రకటన పిమ్మట బెజవాడ అద్దెలు పెరిగిన కాలమున నోటిమాటగా చెప్పుకొన్న అంకెలు వేరు, పత్రములలో నిలిచిన అంకెలు వేరు. నోటిమాట సాక్ష్యము కాదు.

ఇక అద్దెదారులు గుర్తుంచుకొనవలసిన ముచ్చట యొకటి. స్టే షరతు ప్రకారము సొమ్ము కట్టనిచో స్టే తొలగిపోవును. అంతమాత్రమున అప్పీలు పోదు. పాత అద్దె బకాయి మాట వేరు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టము 11వ విభాగము, బకాయి చెల్లించి, ఆపై నెలనెలా చెల్లించుచుండినగాని అద్దెదారు వాదింపరాదనియు, అప్పీలు చేయరాదనియు నిబంధించెను. కనుక తన వ్యవహారము ఏ చట్టము క్రింద నడచుచున్నదో మొదటనే వకీలు నడిగి తెలిసికొనవలెను. యజమాని చెప్పిన అంకె హెచ్చని తోచినచో, ఊరకుండక, పొరుగు పత్రములను చూపి స్టే అర్జీ విచారణనాడే చెప్పవలెను. ప్రతి చెల్లింపునకు రసీదు దాచుకొనవలెను.

యజమానులకును ఒక మాట. ధరావతైన సొమ్ము వెంటనే చేతికి వచ్చునని ఎంచరాదు. కోర్టు అనుమతి కావలెను, హామీ కోరవచ్చును. అప్పీలులో అద్దెదారు గెలిచినచో, హెచ్చుగా పుచ్చుకొన్నది తిరిగి ఇయ్యవలసివచ్చును. ఖర్చు పెట్టుటకు ముందు ఈ సంగతి తలచుకొనవలెను.

మా ఉదాహరణములోని ఉపాధ్యాయుడును దుకాణదారును ఇద్దరును మంచివారే. ఎవరి అవసరము వారిది. గది ఎవరిదగునో అప్పీలు తేల్చును. అంతవరకు నెలనెలా సరియైన లెక్క నడచినచో, తీర్పునాడు ఓడినవాడు అప్పులపాలు కాడు, గెలిచినవాడు వట్టిచేతులతో ఇంటికి పోడు.