పాత లారీలో ఆయిల్ ప్రెషరు పడిపోయినప్పుడు

 

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం అడవి అంచుదాకా సుబాబులు, జామాయిల్ తోటలు వేసిన రైతులు ఎందరో ఉన్నారు. నరికిన కర్ర సారపాక కాగితపు మిల్లు చేరితేనే గదా చేతికి డబ్బు వచ్చేది! ఆ కర్ర మోసే బండ్లలో ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి కొనుక్కొన్న పాత లారీలు కూడా ఉంటాయి. అటువంటి లారీలో ఆయిల్ ప్రెషరు మీటరు ముల్లు కిందికి దిగితే ఏమి చేయవలెనో ఈ పూట చెప్పుకొందాం. డీజిలు ట్రాక్టరు ఉన్నవారికిని ఇది పనికివస్తుంది.

ముందుగా నాకు తెలిసిన రెండు బండ్ల సంగతి. మొదటి బండికి ముల్లు సున్నాకు వచ్చింది. షెడ్డువారు చూచి, "బేరింగులు పోయినవి, ఇంజను దింపాలి" అన్నారు. దింపారు, బేరింగులు మార్చారు, బిగించారు. ముల్లు మళ్ళీ సున్నాయే! తీరా చూస్తే పోయింది బేరింగులు కావు. ఇంజను పక్కన ఉండే, మీటరుకు కబురు చెప్పే ప్రెషరు యూనిట్. ఆ రైతుకు ఒక కోత డబ్బు అందులో పోయింది. ఈ కథ విన్న రెండవ బండి యజమాని, తనకు ముల్లు పడిపోయినప్పుడు "ఆ, మీటరే పోయి ఉంటుందిలే" అని లోడుతో బయలుదేరాడు. చింతూరు చేరకముందే ఇంజను పట్టేసింది. క్రాంకు పనికిరాకుండా పోయింది.

ఇద్దరూ మీటరును చూచారు; ఇద్దరూ పరీక్షించలేదు. తేడా అక్కడే వచ్చింది.

ముల్లు హఠాత్తుగా పడితే బండిని పక్కకు తీసి, వెంటనే ఇంజను ఆపండి. "ఆ మలుపు దాకా పోదాం" అనవద్దు. చదునైన చోట పది నిమిషాలు ఆగి డిప్ స్టిక్కు తీసి చూడండి. ఆయిలు తగ్గి ఉంటే కారణం సగం దొరికినట్లే. ఎక్కడ కారుతున్నదో, ఎంత కాలుతున్నదో వెతకాలి. మారేడుమిల్లి ఘాటు ఎక్కేటప్పుడు ముల్లు పడి, చదునుకు రాగానే లేచిందా? ఛాంబరులో ఆయిలు తక్కువై, బండి వంగినప్పుడు పంపు గొట్టానికి అందడం లేదని అనుమానించండి.

ఆయిలు మట్టం తగ్గడానికి బదులు పెరిగిందా, సంతోషించకండి. వాసన చూడండి. డీజిలు వాసన కొడితే నాజిల్ నుండో, డీజిలు పంపు నుండో డీజిలు ఆయిలులోకి దిగుతున్నది. పలుచబడిన ఆయిలు ప్రెషరు నిలపదు. మజ్జిగవలె తెల్లబడితే నీళ్లు కలిసినట్లు. ఈ రెంటిలో ఏది కనిపించినా బండి నడపవద్దు.

మట్టం సరిగా ఉండి, ఆయిలు శుభ్రంగా ఉంటే, ఇంజనులో టకటక చప్పుడు కూడా లేకపోతే, అప్పుడు రెండవ మీటరు. ప్రెషరు యూనిట్ విప్పి, అదే రంధ్రంలో ఆయిలు నేరుగా వచ్చే మంచి మీటరు బిగించమనండి. పావుగంట పని. ఇది చేయకుండా "ఇంజను దింపాలి" అనేవారికి బండి అప్పగించవద్దని నా మాట.

చల్లని ఇంజను చూపే అంకెను నమ్మకండి. చిక్కటి ఆయిలుకు పొద్దున్నే ప్రెషరు బాగానే ఉంటుంది. మన కొత్తగూడెం, భద్రాచలం ఎండల్లో లోడుతో గంట నడిచిన తరువాత చూడాలి, స్లోలో ఒకసారి, రేజు చేసి ఒకసారి. మీ ఇంజను పుస్తకంలో అంకె ఉంటే అదే ప్రమాణం. పుస్తకం లేనివారికి పాత మెకానిక్కుల లెక్క ఒకటి ఉన్నది: నిమిషానికి ప్రతి 1000 చుట్లకు 10 పౌనులు, అంటే సుమారు 0.7 కిలోలు.

రెండవ మీటరు కూడా తక్కువే చూపిందనుకోండి. ముందు ఆయిలు, ఫిల్టరు మార్చి చూడండి. పాత ఫిల్టరు కాగితాన్ని కోసి ఎండలో విప్పండి. బూడిదరంగు మెరుపు, అంతకన్నా రాగిరంగు మెరుపు కనిపిస్తే బేరింగు పూత అరిగి లోపలి పొర బయటపడినదన్నమాట. అయస్కాంతం పెట్టి, ఏమీ అంటలేదని ధైర్యపడేవారున్నారు. అయస్కాంతానికి ఇనుము అంటుతుంది గాని బేరింగు పూత అంటదు.

బేరింగు అరుగుదల ప్రెషరును ఎందుకింత తింటుంది? కొత్త ఇంజనులో క్రాంకుకు, బేరింగుకు మధ్య సందు ఇంచుమించు తలవెంట్రుక మందం. పంపు తోసిన ఆయిలు ఆ సందులోనుండి కారుతూ ఉంటుంది. సందు రెట్టింపైతే కారేది రెండింతలు కాదు, సుమారు ఎనిమిదింతలు! పంపు ఎంత తోసినా చిల్లి కుండలో నీళ్లు పోసినట్లే.

ఇక్కడ రెండు దొంగ వైద్యాలు జరుగుతుంటాయి. ఒకటి, చిక్కటి ఆయిలు పోయడం. ముల్లు లేస్తుంది, బండి అమ్మేవానికి అది చాలు. కాని పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు ఆ ఆయిలు పైదాకా చేరడానికి ఆలస్యమవుతుంది, ఆలోగా ఇంజను పొడిగా అరుగుతుంది. రెండవది, రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద వాషరు వేయడం. ఆ వాల్వు పని ప్రెషరు మరీ పెరిగినప్పుడు తెరుచుకోవడం. వేడి ఇంజను స్లోలో ఉన్నప్పుడు అది ఎటూ మూసుకొనే ఉంటుంది, వాషరు వేసి ఏమి లాభం? అయితే వాల్వులో నలుసు పడి తెరుచుకొని ఉండిపోవడం కద్దు. అందుకని విప్పి, కడిగి, స్ప్రింగు విరిగిందేమో చూడడం మంచిదే.

అప్పటికీ ప్రెషరు రాకపోతే ఛాంబరు దింపాలి. పాత టాటా 697 ఇంజనులో ఈ పని ఇంజను మొత్తం దింపకుండానే చేయవచ్చు. 697 అంటే మరేమీ కాదు, 6 సిలిండర్లు, ఒక్కొక్క బోరు 97 మిల్లీమీటర్లు. ఛాంబరు దిగిన తరువాత మీరు దగ్గరే ఉండండి. జల్లెడ మడ్డితో మూసుకుపోయిందా? పంపు గొట్టం బిగింపు వదులై గాలి పీలుస్తున్నదా? పంపు పళ్లు అరిగినవా? ఇవి చూచిన తరువాతనే ఒక బిగ్ ఎండు, ఒక మెయిన్ బేరింగు మూత విప్పించండి. రాగిరంగు తేలితే సెట్టు మొత్తం మార్చాల్సిందే. క్రాంకు మీద గీతలు పడకముందే మారిస్తే ఖర్చు బేరింగులతో పోతుంది. గీతలు పడ్డాక క్రాంకును గ్రైండింగుకు పంపాలి, అందుకు ఇంజను దింపక తప్పదు.

అన్నీ బిగించిన తరువాత ఆత్రపడి స్టార్టు చేయకండి. స్టాపు లాగి పట్టుకొని, మధ్యమధ్య ఆపుతూ సెల్ఫ్ కొట్టించండి. రెండవ మీటరు ముల్లు కదిలిన తరువాతనే స్టాపు వదలండి.