ఒక కావ్యము, ఒక సమాధి, ఒక గాయని

ఏటేటా పుష్య బహుళ పంచమినాటి ఉదయమున రేడియో ముందు కూర్చుండి తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనను వినెడి కుటుంబములు మన తెలుగునాట ఎన్నియో కలవు. కావేరి ఒడ్డున విద్వాంసులు వందలకొలదిగా కూడి ఏకకంఠముగా పంచరత్న కీర్తనలు పాడుచుండగా, అందు స్త్రీల గొంతుకలును కలిసి వినవచ్చును. అది మనకు మిక్కిలి సహజముగా తోచును. కాని ఒకప్పుడు ఆ ఉత్సవమున కచేరీ చేయుటకు స్త్రీకి చోటు లేకుండెను. ఆ చోటు సంపాదించి పెట్టినవారును, ఆ సన్నిధిని గుడిగా కట్టించినవారును ఒక్కరే. వారు బెంగుళూరు నాగరత్నమ్మగారు.

నాగరత్నమ్మగారు 1878లో మైసూరు సీమలోని నంజనగూడున దేవదాసీ కుటుంబమున జన్మించిరి. తల్లి పుట్టలక్ష్మి ఆమెకు సంగీత నృత్యములతోబాటు భాషలును చెప్పించినది. పిన్నవయసుననే తల్లిని కోల్పోయినను ఆమె విద్యను విడువలేదు. మదరాసు చేరి, కచేరీలు చేసి, గ్రామఫోను రికార్డులిచ్చి, ధనమును కీర్తిని గడించి, 'విద్యాసుందరి' అనిపించుకొనిరి. ఇంతవరకు ఆ కాలపు పేరుమోసిన గాయనుల కథ వంటిదే. మేము నేడు చెప్పదలచినది ఆ కచేరీలను గురించి కాదు.

ఆమెకు గ్రంథపఠనము ప్రాణము. చదువుచుండగా ఒకచో ముద్దుపళని అను కవయిత్రి పేరు కంటబడినది. తంజావూరు నేలిన ప్రతాపసింహుని కొలువున, పదునెనిమిదవ శతాబ్దమున వెలసిన విదుషి ఆమె. 'రాధికాసాంత్వనము' అను నాలుగాశ్వాసముల శృంగార ప్రబంధమును రచించినది. కథ చిన్నది. రాధ తాను పెంచిన ఇళాదేవిని తానే శ్రీకృష్ణునకిచ్చి పెండ్లి చేయును. ఆపైని ఓర్వలేక కుములును, అలుగును. కృష్ణుడు వచ్చి ఆమెను అనునయించును. స్త్రీ మనసును పురుషుడు ఊహించి వర్ణించుట మన ప్రబంధములలో పరిపాటి. ఇక్కడ వలపును, ఈర్ష్యయు, అలుకయు స్త్రీ తానెరిగినట్లు చెప్పుకొన్నవి. కవులు తండ్రితాతలను కీర్తించుకొను చోట ఈమె తన నాయనమ్మ తంజనాయకిని సగౌరవముగా పేర్కొన్నది. ఆ ఒక్క సంగతియే ఆమె ఎట్టిదో తెలుపును.

నాగరత్నమ్మగారికి మొదట దొరికినది ఒక అచ్చుప్రతి. తరువాత లభించిన వ్రాతప్రతితో పోల్చి చూడగా, అచ్చులో కొన్ని భాగములు లేకపోవుట బయటపడినది. గ్రంథమును పరిష్కరించుటకును, కవి నోరు నొక్కుటకును భేదము కలదు గదా! ఆమె విడిచిన పద్యములన్నియు చేర్చి, 1910లో వావిళ్లవారిచే ప్రకటింపజేసిరి. ఇది స్త్రీ వ్రాసినది, అందును తన కులమున పుట్టిన స్త్రీ వ్రాసినది, అందుచేతనే దీనియందు తనకింత మక్కువ అని పీఠికలో దాపరికము లేక చెప్పుకొనిరి. ఆ పుట్టుకను మరుగుపరచుకొనుటయే మర్యాదయని పలువురు తలచిన దినములవి.

అంతకుముందే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ ఆంధ్ర కవుల చరిత్రమున ముద్దుపళనిని నిందించి, ఆ గ్రంథమున స్త్రీ వినదగని మాటలు కలవనిరి. వితంతువుల కన్నీరు తుడిచిన మహనీయుడాయన, ఆడుబిడ్డల చదువునకై పాటుపడిన వాడు. అట్టివారి మాటకు ఎదురు చెప్పుట సామాన్యము కాదు. నాగరత్నమ్మగారు చెప్పిరి. సిగ్గు, ఔచిత్యము అనునవి ఆడువారికే గాని మగవారికి లేవా యని అడిగిరి. పంతులుగారు తామే చదివి ముద్రణకు సమ్మతించిన 'వైజయంతీవిలాసము'లోని శృంగారము ఇంతకు తక్కువదా యని నిలదీసిరి. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము వచ్చినదని మేము అనుకొనము.

సమాధానమునకు మారుగా నిషేధము వచ్చినది. 1911లో మదరాసు ప్రభుత్వము గ్రంథము అశ్లీలమని ప్రతులను స్వాధీనము చేసికొన్నది. పండితులు పెట్టుకొన్న విన్నపములు ఫలింపలేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు రాష్ట్ర ప్రధానిగా నున్నపుడు, 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. ముప్పదియారేండ్లు! అచ్చయిన నాటికి ముప్పదిరెండేండ్ల గాయని, అది తొలగునప్పటికి డెబ్బదికి చేరువయ్యెను.

ఈ నడుమ ఆమె తిరువయ్యారునకు మరలిరి. త్యాగయ్యగారి సమాధి ఆలనాపాలనా లేక శిథిలమగుచున్నదని 1921లో బిడారం కృష్ణప్పగారి వలన తెలిసినది. ఆమె తన నగలను, గడించిన సొమ్మును వెచ్చించి అచటి భూమిని సంపాదించి, గుడి కట్టించి, పూజకు ఏర్పాట్లు చేసిరి. ఇంత చేసిన పిమ్మట ఆరాధననాడు ఆమె పాడబోగా, వీలులేదనిరి. పెద్ద కచ్చి, చిన్న కచ్చి అని విడిపోయి ఒకరితోనొకరు పొసగని విద్వాంసులు, స్త్రీలను పాడనీయకుండుటలో మాత్రము ఏకమైరి!

ఆమె గుడి తలుపులు మూయింపలేదు. సాటి గాయనులను కూడగట్టి, 1927 నుండి సమాధి వెనుక ప్రక్కన వేరుగా ఉత్సవము జరుపసాగిరి. ముందు మగవారి కచేరీలు, వెనుక ఆడువారి సంగీతమును హరికథలును. త్యాగయ్యగారు ఎటు చెవియొగ్గిరో మనమెవ్వరము చెప్పుటకు? 1940 ప్రాంతమున పక్షములన్నియు కలిసి ఒకే ఉత్సవమయ్యెను. స్త్రీలకును ఆ వేదికపై చోటు లభించెను.

ఆమె అభిప్రాయములన్నియు మనకు సమ్మతము కానక్కరలేదు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు దేవదాసీ ఆచారమును రూపుమాప పూనినపుడు, ఆ వర్గపు స్త్రీల పక్షమున నాగరత్నమ్మగారు ఎదిరించిరి. బాలికలను గుళ్ళకు అంకితమిచ్చుట మాన్పిన 1947నాటి శాసనము న్యాయమైనదని మేము నమ్ముదుము. కాని ఎవరి బ్రతుకును గూర్చి శాసనమో వారి మాటయు వినవలెనన్న ఆమె పట్టును త్రోసిపుచ్చలేము.

నాగరత్నమ్మగారు 1952 మే 19న కన్నుమూసిరి. ఆ సంవత్సరముననే వావిళ్లవారు రాధికాసాంత్వనమును మరల ప్రకటించిరి. ఆమె తన ఆస్తిని త్యాగరాజ సన్నిధికే వ్రాసియిచ్చిరి. అందులో స్త్రీలకు అచట పాడుటకు హక్కుండవలెనను నిబంధనయు చేర్చిరి. త్యాగయ్యగారి సన్నిధికి దగ్గరనే ఆమె సమాధియు కలదు. అచట ఆమె శిలావిగ్రహము స్వామివైపు చూచుచు కూర్చున్నది.